పటేలు తుపాకి

ఆ శుక్రవారం ఉదయం రాజేశ్వర్ రెడ్డి స్నానం చేసి, నుదుట విభూతి రేఖలు దిద్దుకుని, దీపం వెలిగించి, రోజూ ముప్పావుగంట పట్టే పూజను పదిహేను నిమిషాల్లో ముగించాడు. భగవంతుడు సర్వజ్ఞుడు గనుక ఆయనకు కారణం తెలుసు. భార్య సుశీలకు కూడా తెలుసు. భగవంతుడు ఊరుకున్నాడు. సుశీల ఊరుకోలేదు.

"ఏందండి, ఇయ్యాల దేవుణ్ణి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కిచ్చిన్రా?" అన్నది వంటింట్లోంచి.

"పదింటికల్లా మేడం వస్తది. బల్ల మీద దుప్పటి పరవాలె. వెలుగు సరిపోతదో లేదో సూడాలె."

"పెండ్లిచూపులకు వచ్చిన్నాడు గూడ గింత ఆత్రం లేదు మీకు. కుర్చీల కునుకు తీసిన్రు."

రాజేశ్వర్ నవ్వాడు గానీ చేతులు ఆగలేదు. పటాన్‌చెరులోని ఒక కర్మాగారంలో ముప్పైయెనిమిదేళ్లు టూల్‌రూంలో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి ఆయన. వెంట్రుకలో పదోవంతు తేడాను వేలి కొనతో పసిగట్టగలడని పేరు. అటువంటి చేతులు ఇవాళ దుప్పటి అంచు సరిచేయడానికి తడబడుతున్నాయి.

కారణం హాల్లో గోడ మీద వేలాడుతున్నది. బాపురెడ్డి పటేలు తుపాకి. నిలబెడితే మనిషి భుజం దాకా వచ్చే పొడవు. మూడు ఇనుప పట్టీలతో బిగించిన గొట్టం. ఏటేటా దసరానాడు అలదిన నూనె, పసుపు, కుంకుమలతో నల్లగా, నిగనిగలాడుతూ ఉండే కొయ్య. కొయ్యకు కుడివైపున, భుజానికి ఆనే మడమకు కాస్త ముందు, అరచేయంత వెండి పలక. దాని మీద ఉర్దూ అక్షరాలు. నిజాం ఏలుబడిలో, తమ ఊరు ఇంద్రేశం చుట్టుపక్కల మేకలనూ లేగదూడలనూ ఎత్తుకుపోతున్న చిరుతను ఒక్క దెబ్బతో నేలకూల్చినందుకు జిల్లా అధికారి తాలూక్‌దారు రాజేశ్వర్ తాతగారైన బాపురెడ్డికి బహూకరించిన పలక అది. మందు పెట్టే రంధ్రాన్ని ఏనాడో సీసంతో మూసేశారు. కలెక్టరేటు కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇక ఆ తుపాకి కాల్చగలిగింది మాటలే.

సంగారెడ్డిలో కొత్తగా కట్టిన ప్రదర్శనశాల విజయదశమి నాడు తెరుచుకోబోతున్నది. జిల్లాలోని పాత వస్తువులను పరిశీలించి ఎంపిక చేస్తున్నారు. వారు పంపిన పత్రంలో మూడు గడులున్నాయి: కాలము, విలువ, వాడినవారు. మొదటి రెండూ పరిశీలకురాలు నింపుతుంది. మూడోది ఇంటివాళ్ల మాట విని, ఆధారం చూసి రాస్తారు. అదే రేపు అద్దాల పెట్టె కింద వివరాల చీటీ మీదికి ఎక్కుతుంది. తాతగారి పేరు వేలమంది చదువుతారన్న తలంపుకే రాజేశ్వర్‌కు వారం రోజులుగా నిద్ర పలచబడింది. బంధువుల వాట్సాప్ గుంపులో అప్పుడే సందేశం పెట్టేశాడు. నలభై ముగ్గురు దండాలు పెట్టారు. రెండు బండ్లలో వస్తామని ఖరారు చేశారు.

పది కొట్టకముందే ఆటో ఆగింది. దిగింది స్నేహలత. నలభై ఏళ్లుంటాయి, నూలు చీర, చేతిలో ఇనుప పెట్టె. లోహాలను చదివి, పాత ఆయుధాల వయసు కట్టడం వృత్తిగా పెట్టుకున్న మనిషి. నీళ్లు తాగి, పెట్టె తెరిచింది. అందులో వరుసగా అమర్చిన భూతద్దం, సన్నటి టార్చి, దూది, కొలత కడ్డీలు చూడగానే రాజేశ్వర్‌కు ప్రాణం లేచి వచ్చింది. పెట్టెను ఇంత పద్ధతిగా సర్దుకున్న మనిషి పని చెడగొట్టదు.

తుపాకిని ఆయనే దించి, బల్ల మీద పరిచిన దుప్పటి మీద పడుకోబెట్టాడు. ఆమె ఐదు నిమిషాలపాటు దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక కట్టుకుని, ప్రదక్షిణ చేసినట్టు బల్ల చుట్టూ తిరిగింది.

"మీవాళ్లు ఎప్పటిదంటరు సార్?"

"మా చిన్నాయన గోల్కొండ నవాబుల కాలం అంటడు. నేను ఒప్పుకోను మేడం. ఈ మరలు సూడండి. చేత్తో కోసిన మర ఇంత సమంగ రాదు. యంత్రం మీద దిగినయి."

స్నేహలత తలెత్తి ఆయనను కొత్తగా చూసింది. "మీరు నా పని నేర్చుకొని కూసున్నరు" అన్నది నవ్వి.

సుత్తిలా పడి మందు పేల్చే ఘోడాను బిగించిన తాళపు రేకు మీద కుంకుమ పొరలు గట్టిపడి ఉన్నాయి. ఆమె రుద్దలేదు. దూదిని నూనెలో ముంచి, పట్టీ వేసినట్టు దాని మీద పెట్టి, గడియారం చూసుకున్నది. "రుద్దితే గుర్తులు పోతయి. నానాలె." ఆ ఇరవై నిమిషాలూ రాజేశ్వర్ మూడుసార్లు లేచి కూర్చున్నాడు. ఆమె దూది ఎత్తగానే ఎర్రటి పొర దానితోపాటే లేచివచ్చింది. కింద ఇనుములో ముందు ఒక కిరీటం కనబడింది. దాని పక్కన నాలుగు అంకెలు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కొక్కటే పైకి చదివాడు.

"ఒకటి... ఎనిమిది... ఐదు... తొమ్మిది."

"సుశీలా! నూట అరవై దాటినయే, నూట అరవై!"

"ఇనబడ్డది. ఊరందరికి ఇనబడ్డది" అన్నది సుశీల, చేతులు తుడుచుకుంటూ తనూ వచ్చి నిలబడుతూ.

స్నేహలత మాత్రం తొణకలేదు. "ఈ అంకెను నేను ఇంకా నమ్మను సార్. రేకు ఒకదానిది, గొట్టం ఒకదానిది, కొయ్య ఇంకోదానిది తెచ్చి అతికినవి చానా చూసిన. లోపల సాక్ష్యం కావాలె. పట్టీలు విప్పుదామా?"

ఆమె తెచ్చిన స్క్రూడ్రైవరు మర గాడిలో కొంచెం వదులైంది. రాజేశ్వర్ లోపలికి వెళ్లి, తన పాత డబ్బాలోంచి ఒకటి తెచ్చి, ఆకురాయి మీద నాలుగు లాగులు లాగి, కొనను గాడికి సరిపోయేలా చెక్కి ఇచ్చాడు. అది గాడిలో దిగి కదలకుండా నిలిచింది. ఆమె "ఆహా" అన్నది. ముప్పైయెనిమిదేళ్ల నౌకరీలో ఏ మేనేజరూ ఆ "ఆహా" అనలేదు.

గొట్టం కొయ్యనుండి విడివడి పైకి లేచింది. గొట్టం అడుగున, కొయ్య గాడిలో, తాళపు రేకు లోపలి ముఖాన, మూడుచోట్లా ఒకే రకంగా కొట్టిన నాలుగు గీతల గుర్తు. పుట్టినప్పుడు ఒకచోట కలిసినవి నేటికీ కలిసే ఉన్నాయి. స్నేహలత భూతద్దం ఆయన చేతికిచ్చింది. ఇద్దరి తలలూ తగలబోయాయి.

"ఇప్పుడు గొట్టం లోపల" అన్నదామె. "సిపాయిల తిరుగుబాటు తర్వాత మనవాళ్ల చేతికిచ్చిన తుపాకులకు లోపల గాడులు లేకుండ నున్నగ తొలిచి ఇచ్చేది ఇంగ్లీషోళ్లు. గురి దూరం పోవద్దని. నున్నగ ఉంటే మామూలుది. గాడులుంటే మాత్రం..."

మాట పూర్తి చేయకుండానే సన్నటి టార్చి వెలిగించి, దారం కట్టి గొట్టం మూతిలోంచి లోపలికి దించింది. రాజేశ్వర్ ఆ మూతి దగ్గరే కన్ను ఆనించాడు. తుప్పు మసక వెనుక, మెలికలు తిరుగుతూ, నీడలు వెలుగులోకి సాగిపోతున్నాయి. ఒకటి. రెండు. ఆయన ఊపిరి బిగపట్టి గొట్టాన్ని కొద్దిగా తిప్పాడు.

"మూడు!" అని అరిచాడు.

"మూడేనా? ఏదీ!" అని ఆమె దాదాపు ఆయనను తోసేసి చూసింది. తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పరీక్ష పాసైన పిల్లల్లా నవ్వారు. సుశీల ఇద్దరి చేతుల్లోనూ చెక్కెర పోసింది.

భోజనాలయ్యాక మిగిలింది కొయ్య. నూనెలు పట్టి బయటంతా నల్లబడింది. ఏ చెట్టుదో చెప్పడానికి వీల్లేదు. "పలక కింద అసలు రంగు ఉండి ఉంటది. మీరు ఒప్పుకుంటే తీద్దాం" అన్నది స్నేహలత. ఉర్దూ అక్షరాలను కూడబలుక్కుని చదివి, బాపురెడ్డి పేరును, చిరుత మాటను, ఎనభై ఐదేళ్ల కిందటి సంవత్సరాన్ని కాగితం మీద రాసుకున్నది. నాలుగు చిన్న మరలు. వాటిని విప్పే పని తాతగారి మనవడిగా తనదేనన్నాడు రాజేశ్వర్. పలకను తాకి కళ్లకద్దుకుని, ఒక్కొక్క మరనూ తీసి, గిన్నెలో వేసి, పలకను మెల్లగా ఎత్తాడు.

కింద కొయ్య తేనెరంగులో ఉన్నది. అయితే ఆయన చూసింది రంగును కాదు.

అక్కడ ఒక గుంట ఉన్నది. ఉలితో తొలిచింది కాదు, అంచులు లేవు. చెయ్యి ఆనితే జారిపోయేంత నునుపుగా, కోలగా, అరంగుళం కన్న తక్కువ లోతు. రాజేశ్వర్ వేలికొనలు తమంత తాము దానిలోకి వెళ్లాయి. టూల్‌రూంలో యంత్రాల పిడులు చూసి ఏ పిడిని ఎవరు తిప్పారో చెప్పేవాడాయన. యాదన్న బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, బిహారు నుంచి వచ్చిన కుర్రాడి అరచేయి ఎక్కడ రాసుకుంటుందో ఇనుమే చెప్పేది. ఇప్పుడు కొయ్య చెబుతున్నది. ఇది చెంప ఆనిన చోటు. ఏళ్లతరబడి ఒకే చెంప.

ఆయన తుపాకి కొయ్యను ఎత్తి కుడి భుజానికి ఆనించుకున్నాడు. చెంప వచ్చి కొయ్య ఎడమవైపు తగిలింది. అక్కడ అంచు ఇంకా పదునుగా, పుట్టిననాటిలాగే ఉన్నది. గుంట ఆవలివైపు ఉండిపోయింది.

స్నేహలత అంతా చూస్తున్నది. మెల్లగా అడిగింది. "మీ తాతగారిది ఎడమచేతి వాటమా సార్?"

గోడ మీది ఫొటోలో బాపురెడ్డి పటేలు కుడిచేత్తో తుపాకి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కుడిచేత్తో రాసిన దస్తావేజులు బీరువాలో ఉన్నాయి. కుడిచేత్తో కలిపిన పెరుగన్నం ముద్ద రుచి మనవడి నాలుక మీద ఇంకా ఉన్నది.

"కాదు" అన్నాడు రాజేశ్వర్.

"ఈ గుంట పడాలంటే పదిహేను, ఇరవై ఏండ్లు వాడాలె. వాడిన మనిషి ఎడమ భుజానికి పెట్టి కాల్చిండు. పలక వచ్చినంక ఆ చెంప మళ్ల ఇక్కడ ఆనలేదు." ఆమె చేతిలోని కలం మూడో గడి మీద ఆగి ఉన్నది. "నాకు రుజువైంది మాత్రమే రాస్త సార్. 'తెలియదు' అని రాసెయ్యమంటారా? పలక మళ్ల బిగిచ్చుకోవచ్చు. దాంట్ల నాకేం అభ్యంతరం లేదు. తుపాకి ఎట్లయినా ఎంపికైతది. ఇసొంటిది జిల్లాల ఇంకోటి లేదు."

"ఎన్నడు ఇయ్యాలె కాగితం?"

"సోమవారం. నేను ఆదివారం పొద్దుగాల వస్త."

*

శనివారం పొద్దుటినుంచీ ఫోను మోగుతూనే ఉన్నది. చిన్నాయన కొడుకు ఆ రోజు రాజేశ్వర్‌కు కప్పబోయే శాలువాకు రంగు అడిగాడు. జిన్నారం నుంచి మేనత్త తాతగారి గురించి తాను నాలుగు మాటలు మాట్లాడతానన్నది. రాజేశ్వర్ అందరికీ "సరే, సరే" అంటూనే ఉన్నాడు. విచిత్రమేమంటే దుఃఖం కలగవలసిన గుండెలో ఆరాటమే ఎగసిపడుతున్నది. కొలతలో తేడా దొరికిన నాటి పనివాడి ఆరాటం అది. తేడా ఎక్కడుందో పట్టుకునేదాకా అన్నం సయించదు.

నాలుగుసార్లు గుంటలో వేలు పెట్టాడు. ఐదోసారి కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు దసరాలు గుర్తుకొచ్చాయి. తుపాకిని జమ్మిచెట్టు దాకా మోసేది సత్తయ్య. ఊరికి కావలి కాసే సేత్‌సింధి ఇంటివాడు. వాళ్ల నాయన, ఆ నాయనకు నాయన రామన్న అందరూ ఆ పనే చేశారు. పూజ వేళకు సత్తయ్య తుపాకిని ముందుకు చాపేవాడు. ఎప్పుడూ ఎడమచేత్తోనే. "ఆయుధం ఎడమచేత్త ఇస్తరా?" అని రాజేశ్వర్ ప్రతి ఏడూ కసిరేవాడు. సత్తయ్య చెయ్యి మార్చుకునేవాడు. కుడిచేతిలో తుపాకి ఎబ్బెట్టుగా వంగేది.

"సుశీలా, సత్తయ్య వాళ్ల నాయన ఏ చెయ్యి?"

"ఎడమనే. మన గృహప్రవేశంల పప్పు గంటె ఎడమచేత్త పట్టిండని మీ అమ్మ లొల్లి పెట్టలేదా? వాళ్లింట్ల అందరు అంతే గదా..." సుశీల మాట మధ్యలో ఆగింది. బల్ల మీది కొయ్యను చూసింది, భర్త ముఖం చూసింది. చిన్నగా కూర్చున్నది.

"మేడం 'తెలియదు' అని రాస్తనన్నది" అన్నాడాయన.

"ఆమెకు తెల్వదు. రాస్తది. మీకు?"

రాజేశ్వర్ స్కూటరు తాళంచెవి తీసుకున్నాడు.

సత్తయ్య జిన్నారం దారిలో ఒక రసాయనాల కర్మాగారం గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. అరవై నాలుగేళ్లొచ్చినా వెన్ను వంగలేదు. ఘాటైన వాసనల నడుమ, నీలంరంగు యూనిఫాంలో, అడ్డుకర్రను ఎడమచేత్తో అవలీలగా పైకెత్తి ఒక ట్యాంకరును లోపలికి పంపుతున్నాడు.

"ఏం పటేలా, ఇటొచ్చినవ్? దసరా ఇంకా వారం ఉన్నదిగద" అన్నాడు. "తుపాకి ఎవడన్న ఎత్కపోయిండా ఏంది? నేనైతే కాదు, డ్యూటీల ఉన్న."

"నవ్వులాట కాదు సత్తయ్యా. ఒక్కటి అడుగుత, నిజం చెప్పాలె. మీ తాత ఆ తుపాకి కాల్చేటోడా?"

సత్తయ్య నవ్వు ముఖం మీదనే ఉండిపోయి, కళ్లలోంచి మాత్రం తప్పుకున్నది. ఇంకో లారీ వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు హిందీలో ఏదో తొందర చేశాడు. సత్తయ్య రిజిస్టరు తెరిచి, బండి నంబరు ఎడమచేత్తో నిదానంగా రాసి, టైము వేసి, అడ్డుకర్ర ఎత్తాడు, దించాడు. ఆ తర్వాతనే తిరిగాడు.

"గిప్పుడెందుకు పటేలా ఆ ముచ్చట?"

"కొయ్య చెప్పింది. పలక కింద చెంప జాగ ఉన్నది. ఎడమ చెంప."

సత్తయ్య కాపలాదారు టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"రేపు ఇంటికి రా. మా అమ్మ ఉంటది. గేటుకాడ నేను చెప్తె అది నౌకరోని మాట. ఆమె చెప్తె ఇంటి మాట." కొంచెం ఆగి, "తుపాకి గూడ తెస్తవా?" అన్నాడు. అరవై నాలుగేళ్ల ఆ గొంతులో అడగరానిది అడిగిన బెదురూ, ఆపుకోలేని ఆశా కలిసి పలికాయి.

"తెస్త" అన్నాడు రాజేశ్వర్.

*

ఆదివారం ఉదయం తుపాకిని తిరిగి బిగించి, దుప్పటిలో చుట్టి, కారు వెనకసీట్లో పడుకోబెట్టారు. పలక మాత్రం రాజేశ్వర్ జేబు రుమాలులో ఉన్నది. పక్కన కాగితాల సంచితో స్నేహలత. కొత్త లేఅవుట్ల రంగురంగుల తోరణాలు దాటి, పాత ఇంద్రేశం సందులోకి కారు తిరిగింది. ఇన్నేళ్లలో తాను ఆ సందులోకి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కపెట్టుకోబోయి రాజేశ్వర్ మానుకున్నాడు. పిలిస్తే వాళ్లే వచ్చేవారు.

మల్లమ్మ రేకుల పందిరి కింద కూర్చుని చాటలో కందులు ఏరుతున్నది. ఎనభై దాటిన మనిషి. కళ్లు మసకబారినా వేళ్లకు రాయీ గింజా తేడా తెలుస్తూనే ఉన్నది. సత్తయ్య ఇద్దరికీ కుర్చీలు వేశాడు. తాను నిలబడ్డాడు.

"కూసో సత్తయ్యా. నువ్వు కూసుంటేనే నేను కూసుంట" అన్నాడు రాజేశ్వర్.

సత్తయ్య గడప మీద కూర్చున్నాడు. దుప్పటి విప్పి, పలక లేని తుపాకిని రాజేశ్వర్ మల్లమ్మ ముందర చాప మీద పెట్టాడు. ముసలామె చెయ్యి చాపి కొయ్యను తడిమింది; గుంట తగలగానే ఆ వేళ్లు ఆగిపోయాయి.

"మా మామ చెంప" అన్నది. ఏ ఆశ్చర్యమూ లేదు ఆ మాటలో.

"మీకు ఎరుకేనా అవ్వా?"

"మాకు ఎరుక లేకపోవుడేంది బిడ్డా! ఇంటిల్లిపాదికి ఎరుకే. మీకు ఎరుక లేదన్న సంగతే మాకు ఎరుక లేదు. తెలిసే తెలువనట్టు ఉన్నరనుకున్నం."

రాజేశ్వర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇన్ని దసరాలు ఈ మనుషులు తనను అబద్ధాలకోరుగా భావించి, అయినా తుపాకి మోశారు.

"ఏమైందో చెప్పు అవ్వా. అన్నీ చెప్పు."

మల్లమ్మ చాట ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. "ఆ దినం పటేలు ఊర్లె లేడు. కచేరి పని మీద సంగారెడ్డికి పోయిండు. పట్టపగలు చిరుత మేకల దొడ్లె దుంకింది. అందరు ఇండ్లల్ల దూరి తలుపులేసుకున్రు. మీ నాయినమ్మ లేదా, పటేలు పెండ్లాం, ఆమెనే తుపాకి, తుపాకిమందు సంచి తెచ్చి మా మామ చేతులవెట్టి 'పో రామన్నా' అన్నది. ఎప్పుడు గూడ మా మామనే కాలుస్తుండె. పందులొచ్చినా, తోడేలొచ్చినా. పటేలుకు ఆ సప్పుడంటె భయం. దొడ్డి గోడ మీద పండుకొని, ఒక్కటే దెబ్బ. పేలినప్పుడల్ల నిప్పులు ఎగిరి కండ్లకాడ పడేటియి. కనుబొమ్మ మీద ఎంటికలు లేకుండె ఆయనకు. నేను కాపురానికొచ్చినంక గూడ సూసిన."

స్నేహలత కలం వేగంగా పరుగెత్తుతున్నది. "ఘోడా కుడిదిక్కు ఉంటది. ఎడమ భుజానికి పెట్టినోని ముఖం సరిగ్గ దాని ఎనకనే ఉంటది. నిప్పులు పడేది ఆడనే" అన్నది తనలో తాను, సంతోషం ఆపుకోలేక.

"మరి తాలూక్‌దారుకు మా తాత అబద్ధం చెప్పిండా?" అన్నాడు రాజేశ్వర్. ఈ ప్రశ్న అడగడానికే తాను వచ్చాడని అప్పుడు గానీ ఆయనకు తెలియలేదు.

మల్లమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదు బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పాలె. తెల్లారి పటేలు మళ్లొచ్చినంక, తాలూక్‌దారు సాయబు వచ్చి 'తుపాకి ఎవరిది' అని అడిగిండు. పటేలు 'నాదే' అన్నడు. నిజమే గద! సాయబు పేరు రాసుకుని పోయిండు. కాల్చిందెవరని ఆయన అడగలే. అడగనిదానికి పటేలు చెప్పలే. మా మామ ఆడనే, చిరుత కాళ్లు పట్టుకొని నిలబడ్డడు."

పందిరి రేకుల మీద కాకి వాలి, ఎగిరిపోయింది.

"రెన్నెలలకు ఆ వెండి రేకు వచ్చింది. కొట్టిన్రు. అది సరిగ్గ ఆయన చెంప పెట్టే జాగల పడ్డది. కావాల్నని కొట్టిన్రో, కానకుంట కొట్టిన్రో నాకు తెల్వదు. మా మామ మళ్ల తుపాకి కాల్చలే. మోసిండు గంతే. ఎందుకు మామా అంటె, 'రేకు సల్లగ తగులుతది బిడ్డా' అనేటోడు."

స్నేహలత కలం మూత పెట్టి, సత్తయ్య వైపు తిరిగింది. ఆమె ముఖం వెలుగుతున్నది.

"సత్తయ్య గారూ, ఒక్క ఫొటో కావాలె. మీ తాత పట్టినట్టు పట్టుకుంటారా? కొలత సరిపోతదో లేదో సూస్త."

'గారూ' అన్న పిలుపుకు సత్తయ్య ఇటూ అటూ చూశాడు. లేచాడు. ముప్పైకి పైగా దసరాల్లో భుజాన మోసిన ఆ తుపాకిని ఎన్నడూ గురిపెట్టి పట్టినవాడు కాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, వంగి, ఎత్తాడు. మడమను ఎడమ భుజం గుంతలో ఆనించి, తల కొద్దిగా వంచాడు.

చెంప వెళ్లి ఆ గుంటలో కూర్చున్నది.

కూర్చోవడమంటే అలా కూర్చోవడం. మూసలో పోసిన లోహం మూసనే వెతుక్కుంటూ వచ్చినట్టు, ఎముక ఎముకకు సరిపోయింది. వెంట్రుకలో పదోవంతు తేడా పట్టే రాజేశ్వర్ కన్ను ఎంత వెతికినా సందు దొరకలేదు. "సరిపోయింది! సరిపోయిందే!" అని ఆయన కుర్చీలోంచి లేచి, గొట్టంలో మూడో గాడి కనబడ్డనాటి కన్న గట్టిగా అరిచాడు. సందులో ఇద్దరు ముగ్గురు ఆగి తొంగి చూశారు. స్నేహలత ఫొటో మీద ఫొటో తీస్తున్నది. సత్తయ్య కొయ్య మీంచి ముఖం ఎత్తడం లేదు. ఆ మూసిన కంటి అంచునుంచి నీరు జారి, తేనెరంగు కొయ్య మీద పడి మెరిసింది.

"నౌకరిల లాఠీకర్ర పట్టుడేగని, ఇట్లుంటదని తెల్వదు పటేలా" అన్నాడు చివరికి తల ఎత్తి, నవ్వుతూ, ముక్కు ఎగబీలుస్తూ. "వెచ్చగున్నది."

ఫోను మోగింది. చిన్నాయన కొడుకు. శాలువా రంగు ఇంకా తేలలేదట.

"రెండు కొను తమ్మీ" అన్నాడు రాజేశ్వర్. "ఎందుకా? నువ్వైతే కొను. రెండు బండ్లు గాదు, మూడు బండ్లల్ల రాండ్రి. తాతది అసలు ముచ్చట దొరికింది. వచ్చినంక చెప్త. కోపమొస్తదా? రానీ. కోపంతోనన్న రాండ్రి." ఫోను కట్టేసి, జేబులోంచి రుమాలు విప్పి, పలకను స్నేహలత చేతిలో పెట్టాడు. "ఇది గూడ పెట్టెలనే పెట్టుండ్రి మేడం. పక్కకు, వేరుగ. మళ్ల దాని మీద మాత్రం కొట్టొద్దు. మరలు పోయిన బొక్కలు అట్లనే ఉండనీయుండ్రి."

"విలువ కొంచెం తగ్గుతది సార్. బొక్కలు కనబడితే. కానీ వాడిన చెయ్యి ఎవరిదో రుజువుతోని దొరికినవి నేను ఇన్నేండ్లల్ల రెండో మూడో సూసిన. దాని ముందు ఇది ఏ పాటిది?" అని ఆమె పత్రం తీసింది. మొదటి గడిలో కాలం, రెండో గడిలో విలువ అప్పటికే నిండి ఉన్నాయి. మూడోది తెల్లగా ఉన్నది.

"నేను రాస్త, ఇయ్యుండ్రి" అన్నాడు రాజేశ్వర్. ఇంటివాళ్ల చేతిరాత ఉంటే మంచిదేనన్నదామె. ఆయన కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, అక్షరాలు కుదురుగా రావాలని ఊపిరి కూడదీసుకుని, 'రామన్న' అని రాయబోయి ఆగాడు. మొదట ఇంటి పేరు రాయాలి కదా. అరవై మూడేళ్లుగా ఎరిగిన కుటుంబం. మూడు తరాలుగా తమ ఆయుధాన్ని మోసిన కుటుంబం. ఆయన కలం గాలిలో నిలబడిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మీ ఇంటి పేరేంది సత్తన్నా?"

సత్తయ్య తల్లి వంక చూశాడు. మల్లమ్మ చాటను పక్కన పెట్టింది. చేతులకంటిన కందుల దుమ్ము దులుపుకుని, కొంగు తల మీదికి లాక్కుని, సందులోని వాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.

"బోయిని. బోయినోళ్లం మేము. పెద్దగ రాయి బిడ్డా."